రంగు వేసుకున్న కంచం

మైసమ్మ తల్లి మీద ఒట్టు. నమ్మరని తెలుసు... కోతలరాయుడని నాకు పేరుంది మరి. కానీ ఇందులో ప్రతి మాటా జరిగిందే.

అమీర్‌పేటలో గల్లీకో కంప్యూటర్ కోర్సు నడుస్తున్న రోజులు. ఉద్యోగం దొరికిన ప్రతి పిల్లాడూ రూమ్మేట్ల ఫొటోతో ఒక కప్పు చేయించుకుని పోయేవాడు. కప్పుల మీద, ప్లేట్ల మీద బొమ్మలు వేసే షాపు నాది.

ఒకరోజు పంజాగుట్ట నుంచి కామేశ్వరి గారని ఒక పెద్దావిడ వచ్చారు. సంచిలోంచి పాత నాటకం కరపత్రం తీశారు. దాని మీద రాజు వేషం. ఫొటో కాదు, బ్లాకు మీద చెక్కి అచ్చేసిన బొమ్మ. సన్నని గీతల్లోనే కిరీటం, కోర మీసం, కాటుక కళ్లు.

"మా ఆయనేనండీ. ఇప్పుడు నన్నే గుర్తుపట్టట్లేదు. అన్నం పెడితే అలా చూస్తూ కూర్చుంటారు. తన బొమ్మ కనిపిస్తే అయినా తింటారేమో... ఒక కంచం మీద వేసిస్తారా?"

వేసిచ్చాను. మస్తుగా వచ్చింది.

మర్నాడు సాయంత్రం ఫోన్. "ఏంటండీ ఇది! ఇదివరకు నాలుగు ముద్దలైనా తినేవారు. ఇప్పుడు అదీ లేదు. కంచం వదలరు, నన్ను తీయనివ్వరు. ఇలాగైతే మనిషి దక్కరండీ. ఒక్కసారి రండి."

బొమ్మ లేని ప్లేటు ఒకటి పట్టుకుని పరుగెత్తాను. వెళ్లేసరికి చీకటి పడింది. కరెంటు లేదు. కొవ్వొత్తి వెలుగులో పెద్దాయన నేల మీద బాసింపట్టు వేసుకుని... ముందు ఆ కంచం. మనిషి బొమికల గూడు. వీపు మాత్రం నిటారు.

"పెద్దయ్యా, ఇది తీసుకోండ్రి, జర తినుండ్రి" అన్నాను.

నన్ను కింది నుంచి పైదాకా చూశారు. "రంగు వేసుకున్నాక తింటారటయ్యా ఎవరైనా? ఇంకా మంగళం పాడలేదు. తెర పడలేదు."

కామేశ్వరి గారు నోట్లో కొంగు కుక్కుకున్నారు. వాళ్ల నాటక సమాజంలో కట్టుబాటట... ముఖానికి రంగు పడితే, ఆట ముగిసి మంగళం పాడేదాకా మెతుకు ముట్టరు. కంచంలో తన ముఖం చూసుకున్నారు. రంగుతో ఉంది. ఇంకేం తింటారు!

"అయితే మంగళం పాడండమ్మా!"

"నాకు గొంతు లేవట్లేదు బాబూ. మీరు పాడండి."

నేనా! నాకొచ్చిందల్లా మా అమ్మ శుక్రవారం పాడే హారతి పాట. కప్ప అరిచినట్టు ఎత్తుకున్నాను. అరె, నవ్వకండి.

రెండో చరణంలో... ఇంకో గొంతు కలిసింది.

నేను ఆగాను. అది ఆగలేదు.

మగ గొంతు. పడుచు గొంతు. మైకుల్లేని రోజుల్లో ఆఖరి వరుసవాడికి కూడా అందేలా సాగే గొంతు... పెద్దాయన పెదవులు మూసే ఉన్నాయి. ఆవిడ ఏడుస్తున్నారు. మెల్లగా... కంచంలోకి చూశాను.

కంచం పొడిగా ఉంది. రాజు నుదుటి మీద మాత్రం చెమట. ఒక్కో చుక్క... కాటుక పక్క నుంచి... మీసం మీదికి...

పైన ఎక్కడో సర్‌ర్‌ర్... బరువైన గుడ్డ జారిన చప్పుడు. కొవ్వొత్తి రెపరెపలాడింది. పాట ఆగిపోయింది.

పెద్దాయన ఊపిరి వదిలారు. "ఆకలేస్తోందే" అన్నారు. ఆవిడ పెరుగన్నం కలిపితే గిన్నె ఖాళీ చేశారు.

ఎప్పుడు చెప్పినా దోస్తులు అదే అడుగుతారు. "అన్నా, గా గొంతు నువ్వు కల్పించినవ్ గదా?"

లేదు భాయ్. అదేందో నాకు ఇప్పటికీ తెల్వదు. పక్క ఫ్లాట్లో బ్యాటరీ రేడియోనేమో. చెమట కూడా నా చేతి తడేనేమో. కానీ విన్నాను, చూశాను.

నేను కల్పించింది పెరుగన్నం.

ఆ చప్పుడు వినగానే ఆయన చేతులు జోడించి ముందుకు వంగారు... ఎదురుగా జనం ఉన్నట్టు. మళ్లీ లేవలేదు. ఆవిడ అంతకుముందే కలిపి ఉంచిన అన్నం గిన్నెలో అలాగే ఉండిపోయింది. అది చెప్పడం చేతగాక, ప్రతిసారీ ఆయనతో తినిపించేస్తాను.