భూకంపాల ఊళ్లు తిరిగొచ్చి, ఫిల్మ్ నగర్‌లో ఒక గుండు ముందు

తెల్లవారుజామున ఇంట్లోంచి బయలుదేరేటప్పటికి మంచు దట్టంగా ఉంది. ఆ రోజు మిరప తోటకు మందు కొట్టాలి. ఆకు మీద తడి ఆరాకే కొట్టమని మా ఆవిడకు చెప్పాను. "నాకు తెల్వదా? నువ్వు రాళ్లు సూసుకొని రాపో" అంది. ములుగులో నాలుగున్నర బస్సు దొరికింది.

ముందురోజు సాయంత్రం మా అక్క రజిత ఫోన్ చేసింది. అక్క పదకొండేళ్లుగా ఫిల్మ్ నగర్‌లో షూటింగులకు భోజనాలు వండి పంపుతోంది. ఆమె వంటశాల ఒక ఇంటి పెరట్లో, రెండు పెద్ద రాళ్ల పక్కన వేసిన రేకుల షెడ్డు. కింద బండ, దాని మీద గుండు. ఆ గుండు భూకంపం వస్తే దొర్లుతుందని ఇంటి యజమానికి భయం పట్టుకుంది. రాళ్లు పగలగొట్టించాలని మేస్త్రిని మాట్లాడాడు. రాళ్లు పగలగొడితే షెడ్డు తీసేయాలి. షూటింగులు జరిగే చోట్లకు ఐదు నిమిషాల దూరంలో అంత తక్కువ కిరాయికి ఇంకో చోటు దొరకదు. దూరం పోతే అన్నం చల్లారిపోతుంది, ప్రొడక్షన్ మేనేజర్లు వేరేవాళ్లను చూసుకుంటారు. "నువ్వు భూకంపాల ఊర్లన్నీ తిరిగొస్తివి గద. వచ్చి ఆయనకు జర చెప్పు, గుండు పడదని" అంది అక్క.

తిరిగిన మాట నిజమే. 2024 డిసెంబరు నాలుగున పొద్దున మా ములుగు అడవుల కింద భూమి కదిలింది. నేను అప్పుడు బావి దగ్గర ఉన్నాను. చేతిలో పైపు వణికింది. మోటారు కాలిపోతోందనుకుని స్విచ్ ఆపేశాను. ఆపినా వణుకు ఆగలేదు. అప్పుడు భయం వేసింది. ఆ తర్వాత పంట పనులు లేని రోజుల్లో ఒక్కొక్కటిగా భూకంపాలు వచ్చిన ఊళ్లు చూడడం మొదలుపెట్టాను. కిల్లారి, కోయనా, భుజ్ వెళ్లాను. కాంగ్రా వెళ్లాను. బీహారు, అస్సాం ఇంకా వెళ్లలేదు.

మంచు వల్ల బస్సు నెమ్మదిగా నడిచింది. ఉప్పల్ చేరేసరికి పది దాటింది. టికెట్టు మూడు వందల లోపే. ఉప్పల్‌లో దిగేవాళ్లు ఆటో ఎక్కకుండా మెట్రో ఎక్కితే మేలు. రైలు మారకుండా జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దాకా పోవచ్చు. అక్కడి నుంచి ఫిల్మ్ నగర్‌కు ఆటో మాట్లాడాను. నూట యాభై అడిగాడు, వందకు వచ్చాడు.

"ఎవరి ఇల్లు చూస్తరన్నా? హీరోలదా?" అన్నాడు డ్రైవరు.

"రాయి చూడాలి."

"రాయా?" అని అద్దంలో నన్ను చూశాడు. "ఈడ రాళ్లు కొట్టే గదన్నా ఇండ్లు కట్టిండ్రు. ఇంక రెండో మూడో ఉన్నట్టున్నయి. జల్ది చూసెయ్."

ఆటో ఎత్తు ఎక్కుతుంటే ఇళ్ల అడుగు భాగాలే చూస్తూ కూర్చున్నాను. అది నాకు భుజ్ ప్రయాణంలో వచ్చిన అలవాటు. అహ్మదాబాద్ భుజ్‌కు రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరం. అయినా 2001లో అక్కడ అపార్టుమెంట్లు కూలాయి. వాటిలో చాలావాటికి కింద గోడలు లేవు, కార్లు పెట్టుకోవడానికి వట్టి స్తంభాలే. జూబ్లీహిల్స్‌లో అలాంటి ఇళ్లు లెక్కపెట్టడం మొదలుపెట్టి, వీధి తిరగకముందే మానేశాను.

అక్క గేటు దగ్గరే ఉంది. లోపల షూటింగ్ యూనిట్‌కు పంపే క్యారియర్లు నిండుతున్నాయి. వంకాయ కూర వాసన వీధిలోకి వస్తోంది.

"ఏందిరా గింత ఆలస్యం? బస్సును తోసుకుంట వచ్చినవా?" అంది.

"మంచు, అక్కా."

"కూసో, చాయ్ తాగు. తలకాయ కూర వండుతున్న నీ కోసం. ముందు ఆయనతోటి మాట్లాడు, తర్వాత తిందువు."

వంటశాల గడప ముందు మెట్టుగా ఒక రాయి ఉంది. దాని మీద కూర్చుని చాయ్ తాగాను. అక్కడి నుంచి గుండు మొత్తం కనిపిస్తుంది. కింది బండ లారీ అంత ఉంటుంది, సగం మొరంలో కూరుకుపోయి ఉంది. దాని మీద గుండు, కొంచెం ఒక వైపు వాలినట్టు నిలబడి ఉంది. రెండింటి మధ్య సందులోంచి అవతలి ఇంటి గోడ కనిపిస్తోంది. మొదటిసారి చూసేవాళ్లకు భయం వేయడంలో తప్పు లేదు. గుండు ముందు అప్పటికే కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయ కోసి పెట్టారు. మేస్త్రి ఎల్లయ్య, ఆయన మనుషులిద్దరు కంప్రెషరు పక్కన బీడీలు కాలుస్తున్నారు. నగరంలో మందుగుండు పెట్టనివ్వరు. కంప్రెషరుతో రంధ్రాలు వేసి, వాటిలో ఒక పొడి కలిపి పోస్తారు. ఒక రోజు గడిచేసరికి రాయి దానంతట అదే పగులుతుంది.

యజమాని వెంకటేశ్వర్లు గారు మెట్లు దిగి వచ్చారు. ఒంగోలు దగ్గరి ఊరు ఆయనది. ఒకప్పుడు సినిమాలకు లైట్లు అద్దెకిచ్చేవారు.

"మీరేనాండీ, రజిత గారి తమ్ముడు? భూకంపాలు చూసొచ్చారట."

"భూకంపాలు కాదండీ, అవి వచ్చిపోయిన ఊళ్లు."

ఆయన నవ్వారు. మా ఇద్దరికీ కుర్చీలు వేయించారు. "నేను మాత్రం భూకంపాన్నే చూశానండీ. అరవై ఏడులో, ఒంగోల్లో. నాకు ఏడేళ్లు. అన్నం తింటున్నాం. కంచంలో మజ్జిగ దానంతట అది ఇటూ అటూ ఊగింది. మా అమ్మ నన్ను కొట్టింది, కంచం కదిలిస్తున్నానని. అమ్మ చెయ్యి ఇంకా నా వీపు మీద ఉండగానే గోడ మీద పటం పడింది." తర్వాత పై అంతస్తు చూపించారు. "అదిగో, ఆ కిటికీ. మా మనవరాలు పడుకునే గది. గుండు దొర్లితే నేరుగా అక్కడికే వస్తుంది. మొన్న మీ ములుగులో వచ్చినప్పుడు పిల్ల మంచం కదిలిందండీ. అప్పట్నుంచి నాకు నిద్ర లేదు."

"వాస్తు ఆయన గూడ చెప్పిండట," అన్నాడు ఎల్లయ్య అక్కడి నుంచే. "ఈశాన్యంల బరువుండొద్దని. రాయికి తెల్వదు పాపం, ఎన్నడో వచ్చి కూసున్నది."

"నీకు పని దొరికింది కదయ్యా, ఊరుకో," అన్నారు వెంకటేశ్వర్లు గారు.

ఆయన నన్ను చాలా అడిగారు. మన దేశంలో పెద్దవి ఎక్కడెక్కడ వచ్చాయి, దక్కనులో వస్తాయా రావా అని. నాకు తెలిసినంత చెప్పాను. హిమాలయాల వెంట వచ్చేవి చాలా పెద్దవి. 1897లో షిల్లాంగ్ వైపు, 1905లో కాంగ్రా, 1934లో బీహారు, 1950లో పంద్రాగస్టు రోజున అస్సాం. బీహారులో నేల చీలి ఇసుకా నీళ్లూ పైకి చిమ్మి పొలాలు మునిగాయి. అస్సాంలో కొండలు జారి నదులకు అడ్డం పడ్డాయి. మన దక్కను గట్టి నేల, ఇక్కడ రావు అనుకునేవారు. 1967లో కోయనాలో వచ్చింది. 1969లో మా భద్రాచలం దగ్గర వచ్చింది. మా నాయన అప్పుడు పశువుల దగ్గర ఉన్నాడట. 1993లో కిల్లారిలో వచ్చాక ఎవరూ ఆ మాట అనలేదు. వినాయక నిమజ్జనం ముగించుకుని జనం నిద్రపోయిన రాత్రి అది. అక్కడ మనుషులను చంపినవి గోడలు. మట్టితో పేర్చిన రాతి గోడలు, వాటి మీద దూలాలు, దూలాల మీద మోకాలెత్తు మట్టి.

"అంటే ఇక్కడ రాదని మీరు చెప్పలేరు," అన్నారాయన.

"చెప్పలేనండీ. ఎవరూ చెప్పలేరు. కానీ ఈ గుండు గురించి చెప్పగలను." అది మాత్రం ధైర్యంగా చెప్పాను. భూమి గట్టిగా ఊగిన చోట ఇలా ఒకదాని మీద ఒకటి నిలిచిన రాళ్లు మిగలవు. ఇలాంటి రాళ్లను బట్టే ఒక చోట ఎంత ఊపు రాలేదో లెక్కగడతారని చదివాను. మీరూ నేనూ పుట్టకముందు నుంచి, ఈ ఊరికి పేరు లేనప్పటి నుంచి ఇది ఇలాగే ఉంది. దీని కాళ్ల దగ్గర ఎవరూ వేలు పెట్టకపోతే ఇంకా ఉంటుంది.

అక్క గరిటె పట్టుకుని గడపలో నిలబడి వింటోంది. "నేను చెప్పలేదా సార్?" అంది. వెంకటేశ్వర్లు గారు కుర్చీ గుండు వైపు తిప్పుకున్నారు. "సరే. ఫొటోలు తీసి పెట్టండి. మా కోడలికి చూపించి చెబుతాను. ఎల్లయ్యా, ఇవాళ్టి కూలి ఇచ్చేస్తాలే," అన్నారు.

అక్కడితో ఆగి ఉంటే తలకాయ కూర తినేవాణ్ని. కానీ ఫొటో అంటే అడుగు భాగం కూడా తీయాలి. షెడ్డు వెనక, బండకు ఆనించి, పాత సినిమా ఫ్లెక్సీ ఒకటి కట్టి ఉంది. హీరో మొహం తలకిందులుగా ఉంది.

"గాడ ఏం లేదురా. కూరగాయల సంచులున్నయి," అంది అక్క.

ఫ్లెక్సీ ఎత్తాను. బండ కింద మొరం లేదు. మనిషి వంగి దూరేంత లోపలికి తవ్వి ఉంది. లోపల చల్లగా ఉంది. మజ్జిగ కుండలు, టమాటా పెట్టెలు, ఆకుకూరల కట్టలు వరసగా పేర్చి ఉన్నాయి. ఎండాకాలం ఫ్రిజ్ అవసరం లేకుండా అక్క చేసుకుంది. బండ అంచు కింద, నేలలో, ఒక రాయి ఎన్నాళ్లో బండకు ఆనుగా ఉండగా పడిన గుంట కనిపించింది. ఒక పక్క గుండ్రంగా, ఒక పక్క పలకగా. ఆ ఆకారం ఎక్కడో చూశాననిపించి వెనక్కి తిరిగాను. ఇందాక నేను కూర్చుని చాయ్ తాగిన మెట్టు అది.

అక్క నా పక్కకు వచ్చింది. గొంతు తగ్గించి మాట్లాడింది.

"ఐదేండ్లాయె తవ్వి. ఏమన్న అయిందా? కాలేదు గద. ఫ్లెక్సీ దించు."

"అక్కా, పిల్ల గది ఆ కిటికీయే."

"నా అన్నం గూడ ఈడనేరా."

వెంకటేశ్వర్లు గారు అప్పటికే లేచి వస్తున్నారు. "ఏమైందండీ?" అన్నారు. అక్క నా మొహం వైపు చూసింది. నేను ఫ్లెక్సీ దించలేదు.

"ఇందాక చెప్పింది నిజమేనండీ. కానీ కాళ్ల దగ్గర వేలు పెట్టారు. ఇలా ఉంటే నేను హామీ ఇవ్వలేను," అన్నాను.

ఎల్లయ్య వచ్చి వంగి లోపలికి చూశాడు. బీడీ పారేశాడు. "అమ్మా, గింత బొర్ర చేసి పెట్టి చెప్పకపోతివి? పైన కంప్రెషర్ పెట్టి గుద్దుతుంటిమి. మా ముగ్గురి మీదికే వస్తుండె."

"నిన్ను ఎవలు గుద్దమన్నరు? నేను వద్దనే అన్న గద," అంది అక్క. కానీ ఆ మాటలో బలం లేదు.

వెంకటేశ్వర్లు గారు గొంతు పెంచలేదు. రాయి కొట్టవద్దన్నారు. ఆ తవ్విన చోటంతా రాళ్లతో, సిమెంటుతో నింపి గట్టి చేయాలి, ఆ పక్క మళ్లీ ఎవరూ ఉండకూడదు అన్నారు. షెడ్డు ఖాళీ చేయడానికి నెలాఖరు దాకా టైము తీసుకోమన్నారు.

"ఎందుకు సార్ నెలాఖరు? రేపు పొద్దున వంట ఏడ చేసినా ఒకటే," అంది అక్క. మోతీనగర్‌లో మా బావ చెల్లెలి ఇంటి ముందు రేకుల షెడ్డు ఖాళీగా ఉంది. అక్కడికి ఫోన్ చేసి చెప్పి, సామానుకు వ్యాను పిలిపించింది. తర్వాత నా వైపు తిరిగింది. "తమ్ముడని పిలిస్తే సర్కారోని లెక్క మాట్లాడవడ్తివి. ఊర్లన్నీ తిరిగింది ఇందుకేనా?"

ఎల్లయ్య మనుషులు గడప ముందు రాయిని గడ్డపారలతో పెకలించారు. దాని కింది పక్క కొత్త రాయిలా తెల్లగా ఉంది. దొర్లించుకుంటూ తీసుకెళ్లి దాని గుంటలో పెట్టారు. సరిగ్గా కూర్చుంది. మిగతాది సిమెంటుతో నింపడానికి మళ్లీ వస్తామన్నారు. నేను గిన్నెలు మోశాను. అక్క వద్దనలేదు, తీసుకోలేదు. నేను కింద పెట్టినవి మాత్రం మళ్లీ సర్ది పెట్టింది.

వ్యాను డ్రైవరు సామాను కడుతూ నన్ను చూపించి, "మీ తమ్ముడు గూడ వస్తడా మోతీనగర్?" అని అడిగాడు.

"ఇప్పుడు రాడు. పక్కన బోరబండల భూమిలకెల్లి చప్పుళ్లు వస్తయంటరు గద, అవి మల్ల వచ్చిననాడు సంచి పట్టుకొని వస్తడు," అంది అక్క. డ్రైవరు నవ్వాడు. ఆమె నవ్వలేదు.

ఇన్ని ఊళ్లు తిరిగాక నాకు ఒకటి తెలిసింది. భూకంపం ఎప్పుడొస్తుందో చెప్పగలిగిన మనిషి ఒక్కరూ కనిపించలేదు. కానీ ఏ గోడ మట్టితో కట్టారో, ఏ స్తంభాల మధ్య గోడ వదిలేశారో, ఏ వీధి ఇరుకు చేశారో ప్రతి ఊళ్లోనూ ఎవరో ఒకరికి ముందే తెలుసు. భుజ్ దగ్గరి అంజార్‌లో 2001 గణతంత్ర దినం ఊరేగింపులో పిల్లలు చనిపోయిన ఇరుకు సందు గురించి అక్కడి దుకాణదారు నాతో చెప్పేటప్పుడు, ఆ సందు ఇరుకని తన చిన్నప్పటి నుంచీ అనుకునేవాళ్లమే అన్నాడు. తెలిసినవాళ్లకు అక్కడే బతుకు ఉంటుంది, అందుకే చెప్పరు. మా అక్క కూడా అంతే. నేను మళ్లీ అదే చోట నిలబడినా అదే చెబుతాను. ఆమె చేసింది కూడా నాకు అర్థమవుతుంది.

ఈ ఊళ్లు చూడాలనుకునేవాళ్లు కిల్లారితో మొదలుపెట్టండి. హైదరాబాదు నుంచి పొద్దున్నే సోలాపూర్ వైపు బస్సెక్కి ఉమర్గాలో దిగితే సాయంత్రానికి తిరుగు బస్సు అందుకోవచ్చు. కానీ ఆటోవాళ్లతో పాత ఊరు అని గట్టిగా చెప్పండి. వట్టి కిల్లారి అంటే భూకంపం తర్వాత కట్టిన కొత్త ఊళ్లో దింపి వెళ్లిపోతారు.

ఎల్లయ్య, ఆయన మనుషులు కంప్రెషరుతో మూడింటికి వెళ్లారు. అక్క నాలుగున్నరకు వెళ్లింది. వ్యాను ముందు సీట్లో ఇంకొకరికి చోటుంది, ఎక్కమనలేదు. నేను ఐదింటికి చెక్‌పోస్ట్‌లో మెట్రో ఎక్కాను.