డెల్మో గారి మిషను ఇంకా సెట్ కాలేదు

డెల్మో గాస్పెరోని మిషను ఏనాడూ సెట్ కాలేదు. పదకొండేళ్ళుగా ఆయన దాన్ని సెట్ చేస్తూనే ఉన్నాడు. నీళ్ళలో మునిగినా పాడవని మెటల్ డిటెక్టర్ అది. రెండు నిమిషాల్లో సెట్ చేసుకోవచ్చని అమ్మినవాడు చెప్పాడు, అట్టపెట్టె మీద కూడా అలాగే రాసుంది. డెల్మోకి నలభై నిమిషాలు పడుతుంది. ఆ తర్వాత నడుం నిటారు చేసి, ఒడ్డున ఉన్నవాళ్ళందరికీ వినపడేలా "ఇంకా సెట్ కాలేదు!" అని ప్రకటించి, మళ్ళీ మొదటికొస్తాడు.

ఈ మాట వింటే ఓర్నెల్లాకి ఒళ్ళు మండుతుంది. ఆ తీరాన్ని నంబర్లేసి ముక్కలుగా అద్దెకిస్తారు, అందులో నలభై ఏడో నంబరు బీచి ఆవిడది. ఎనిమిది వరసల్లో రెండొందల గొడుగులు, కాఫీలూ పానీయాలూ ఇచ్చే ఒక బారు, దాని వెనక వంటిల్లు. పొద్దున్న ఆరింటికి ఇసక చదును చేయించడం దగ్గర్నుంచీ రాత్రి కుర్చీలు మడత పెట్టించడం దాకా ఆవిడ చేతిలో ఏ పనీ సగంలో ఆగదు. అలాంటి మనిషి కళ్ళెదుట, సరిగ్గా మొదటి వరస ముందు, డెబ్భై నాలుగేళ్ళ డెల్మో రోజూ ఆ భాగోతం మొదలుపెడతాడు.

ముందు గొట్టం బిగిస్తాడు. పళ్ళెమంత చక్రాన్ని దాని చివర తగిలిస్తాడు. పెట్టె నడుముకి కట్టుకుని, చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకుని, మోకాలి లోతు నీళ్ళలోకి దిగుతాడు. ఉప్పునీళ్ళలో పెట్టగానే మిషను ఊరికే గోల చేస్తుంది. చక్రాన్ని పైకీ కిందకీ ఆడిస్తూ ఆ గోల సద్దుమణిగేదాకా మర తిప్పాలి. తర్వాత పరీక్షకి బారులోంచి తెచ్చిన కాఫీ చెంచాని నీళ్ళలో పడేసి వెతుకుతాడు. మోగితే "గొంతు బాలేదు" అంటాడు. మోగకపోతే చెంచా పోయినట్టే. ఓర్నెల్లా ఏటా రెండు డజన్ల చెంచాలు కొనడానికి కారణం ఇదే.

డెల్మో వృత్తిరీత్యా అకార్డియన్లకి, అంటే మెడలో తగిలించుకుని వాయించే హార్మోనియంలకి, శ్రుతి చేసేవాడు. నలభై ఏళ్ళు చెవి ఒగ్గి ఒగ్గి, ఇప్పుడు పక్క ఊళ్ళో తలుపు కిర్రుమన్నా ఉలిక్కిపడతాడు. నిలబడ్డ చోట నిలబడడు. కాఫీ తాగుతూ నడవడం మొదలుపెడితే, ముప్ఫయ్యో నంబరు బీచివాళ్ళు ఫోను చేసి చెబితే గానీ ఖాళీ కప్పు తిరిగి రాదు. ఆయన్ని చూస్తూ కూర్చుంటే మనకే కాళ్ళు లాగుతాయి.

అయినా తీరమంతటికీ ఆయనే గతి. తాళాలు పోతే పది నిమిషాల్లో తీసిస్తాడు. కళ్ళజోడు పోతే పావుగంట. ఒక ముసలాయన పళ్ళ సెట్టయితే, ఆ ముసలాయన ఇంకా ఎక్కడ పోయిందో చెప్పడం పూర్తికాకుండానే తెచ్చి చేతిలో పెట్టాడు. కానీ పెళ్ళి ఉంగరం పోయిందంటే మాత్రం మూడు రోజులు, ఒక్కోసారి వారం. ఉంగరం చిన్నది కదా, అందుకని కాబోలు అనుకునేది ఓర్నెల్లా.

ఆ జులై సోమవారం నాడు ఉంగరం పోవడం ఓర్నెల్లా కళ్ళారా చూసింది. రెండో వరసలో అయిదో గొడుగు కింద పంతొమ్మిదేళ్ళుగా మోదెనా నుంచి వచ్చే దంపతులు నీవెస్, వాల్తెర్. వాల్తెర్ ముప్ఫయ్యేళ్ళు రైల్వే స్టేషన్లో మైకులో రైళ్ళ రాకపోకలు చెప్పిన మనిషి. దేవుడిచ్చిన మాటలన్నీ ఆ మైకులోనే ఖర్చయిపోయాయని నీవెస్ బాధ. రిటైరయ్యాక ఆయన గళ్ళనుడికట్టులో తల దూర్చి, దేనికైనా "ఊఁ" అంటాడు, అంతే.

"ఇవాళ నా పుట్టినరోజు. గుర్తుందా?" అని అడిగింది నీవెస్, నీళ్ళ అంచున నిలబడి.

"ఊఁ."

"మా అక్క దగ్గరికి త్రెంతో ఊరు పోయి అక్కడే ఉండిపోతాను."

"ఊఁ."

"ఇదిగో, ఉంగరం తీసి పారేస్తున్నాను."

"ఊఁ."

పారేసింది. మంచి బలంగానే పారేసింది. వాల్తెర్ తల ఎత్తలేదు.

అరగంట తర్వాత నీవెస్ కళ్ళు తుడుచుకుంటూ బారు దగ్గరికొచ్చింది. "ఓర్నెల్లా, నా ఉంగరం నీళ్ళలో జారిపోయిందమ్మా. శనివారం గది ఖాళీ చేస్తాం. ఈలోగా దొరక్కపోతే నేను మోదెనా వెళ్ళను. వేలు బోసిగా పెట్టుకుని ఆ ఇంట్లో ఎందుకుండాలి? నిజంగానే అక్క దగ్గరికి పోతాను."

"ఊరుకో వదినా, ఆ మాటలేంటి? డెల్మో బాబాయ్‌ని పిలుస్తానుండు" అంది ఓర్నెల్లా. పైకి ధైర్యం చెప్పిందే గానీ లోపల గాభరా పడింది. పంతొమ్మిదేళ్ళలో వాళ్ళిద్దరూ ఆవిడకి సొంతవాళ్ళయిపోయారు.

డెల్మో వచ్చాడు. నీవెస్ చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"జారిందా, విసిరావా?"

"జారింది."

"ఏ చేత్తో జారింది?"

"కుడిచేత్తో."

"ఉంగరం ఎడంచేతికి కదమ్మా పెట్టుకునేది?"

నీవెస్ మొహం ఎర్రబడింది. "నువ్వు ఉంగరం వెతుకుతావా, నేరం ఒప్పిస్తావా?"

"కుడిచేత్తో జారితే కొంచెం దూరంగా పడుద్దిలే" అని డెల్మో అటూ ఇటూ అడుగులు వేశాడు. ఒంటిగంట నుంచి నాలుగు దాకా ఆయన వెతికే వేళ. భోజనం అరిగేదాకా ఆ తీరంలో ఎవరూ నీళ్ళలో దిగరు. పిల్లలు దిగుతామంటే తల్లులు కాళ్ళు విరగ్గొడతారు. సముద్రం మొత్తం డెల్మోకి వదిలేసినట్టే.

ఆ సోమవారం ఆయన ఒక్కడే దిగి, ఇరవై నిమిషాలు తిరిగి, పైకొచ్చేశాడు. "సెట్ కాలేదు. రేపటి నుంచి తాడు కట్టి వరసలు వరసలుగా వెతకాలి. తాడు చెరో కొసా పట్టుకోడానికి నీవెస్, వాల్తెర్ ఇద్దరూ కావాలి."

"మా కుర్రాళ్ళని పంపిస్తాలే బాబాయ్" అంది ఓర్నెల్లా.

"కుదరదు. మిషను బెదిరిపోద్ది."

మంగళవారం రెండింటికి వాల్తెర్‌ని గొడుగు కింద నుంచి లాక్కొచ్చారు. ఆయన ఆ వేసవిలో మొదటిసారి ఒక పూర్తి వాక్యం పలికాడు: "నేను లజాన్యా తిన్నాను."

బీచి బీచంతా ఆయన పక్షాన నిలిచింది. మొదటి వరస ముసలమ్మలు శిలువ గుర్తు వేసుకున్నారు. కడుపు నిండా మాంసం, జున్ను దట్టించిన లజాన్యాతో నీళ్ళలో దిగితే మనిషి బతుకుతాడా? డెల్మో బేరానికి దిగాడు. మోకాళ్ళ దాకా అయితే అరుగుదలకి ఇబ్బంది లేదు. బొడ్డు దాటితేనే ప్రమాదం. చివరికి ఒక ముసలమ్మ బ్రాందీ సీసా పట్టుకుని ఒడ్డున కాపలా ఉండేట్టు ఒప్పందం కుదిరింది.

తాడు ఒక కొస నీవెస్, రెండో కొస వాల్తెర్. మధ్యలో డెల్మో, చెవుల్లో హెడ్‌ఫోన్. చెప్పాల్సింది నీవెస్‌కి చెబుతాడు, ఆవిడ కేకేసి మొగుడికి చెప్పాలి. మొగుడు బదులు చెప్పాలి. అలల హోరులో "ఊఁ" అంటే వినపడదు.

"ఎడం పక్కకి జరగవయ్యా!"

"ఊఁ."

"ఏంటీ?"

"జరిగాను!"

"ఎవరి ఎడం పక్కకి జరిగావు? నా ఎడమా, నీ ఎడమా?"

దాంతో వాల్తెర్ గొంతు సవరించుకున్నాడు. స్టేషన్లో ముప్ఫయ్యేళ్ళు మోగిన గొంతు అది. "దయచేసి వినండి! తాడు పడమటి కొస రెండడుగులు దక్షిణంగా జరిగినది!" యాభయ్యో నంబరు బీచిలో ఎవరో సంచీ తీసుకుని లేచి నిలబడ్డారట.

దొరికినవి: ఇరవై రెండు సీసామూతలు, ఒక తలపిన్ను, బొమ్మ కారు, ఓర్నెల్లా చెంచాలు ఆరు. ఉంగరం లేదు. బుధవారం లోతు నడుం దాకా వెళ్ళింది. ఒడ్డున బ్రాందీ ముసలమ్మ భయం తట్టుకోలేక సగం సీసా తానే తాగేసింది. ఆరోజే నీళ్ళలో మొగుడూ పెళ్ళాలకి గొప్ప యుద్ధం జరిగింది. పుట్టినరోజులు, వదిలేసిన ప్రయాణాలు, అత్తగారన్న మాటలు, ముప్ఫయ్యేళ్ళ సరుకంతా బయటికొచ్చింది. నడుం లోతు నీళ్ళలో విసురుగా వెళ్ళిపోదామన్నా కాలు సాగదు, చేతిలో తాడొకటి. నిలబడి వినాల్సిందే. డెల్మో వాళ్ళ మధ్య వంగి మర తిప్పుకుంటూ, మధ్యమధ్యలో "సెట్ కాలేదు" అంటూ ఉన్నాడు.

గురువారం వాళ్ళు ఎందుకో నవ్వుకుంటున్నారు. ఓర్నెల్లా గమనించలేదు. ఆవిడ లెక్కకి మిగిలింది రెండు రోజులు, ఉంగరం లేదు, శనివారం నీవెస్ త్రెంతో రైలెక్కుతుంది. ఆవిడకి నిద్ర పట్టడం లేదు, బారులో కప్పులు పగులుతున్నాయి.

శుక్రవారం పొద్దున్నే ఆ మిషను సంగతి తాడో పేడో తేల్చుకుందామని నీళ్ళలోకి నడిచింది. డెల్మో హెడ్‌ఫోన్ మెడలో వేలాడేసుకుని మిషను ఊపుతూ వస్తున్నాడు. ఆయన చూడకుండా ఓర్నెల్లా తన చెవి కమ్మ ఒకటి తీసి, నీళ్ళడుగున ఇసకలోకి బొటనవేలితో నొక్కేసింది. అమ్మమ్మ ఇచ్చిన కమ్మ.

"ఏం అమ్మాయ్, ఇంత పొద్దున్నే? ఇవాళ గాలి బాలేదు, మిషను అసలే..." అంటూనే డెల్మో ఆగాడు, వంగాడు, చిల్లుల గరిటెతో ఒక్క తోడు తోడాడు. "నీ కమ్మ పడిపోయింది, చూసుకో."

"హెడ్‌ఫోన్ చెవుల్లో కూడా లేదు కదా బాబాయ్!"

"బంగారం కదా. సీసామూత మోత టక్కున ఆగుద్ది. బంగారం కాస్త మెత్తగా..." డెల్మో నోరు మూసుకున్నాడు. ఆలస్యమైపోయింది.

"సెట్ కాని మిషనుకి ఇదంతా తెలుస్తుందా?"

డెల్మో నీళ్ళలోకి చూశాడు, ఆకాశంలోకి చూశాడు. చొక్కా జేబుకి పెట్టిన పిన్నీసు తీసి, రుమాలు విప్పి చూపించాడు. లోపల నీవెస్ ఉంగరం.

"ఎప్పుడు దొరికింది?"

"సోమవారం. రెండూ పదికి."

"దుర్మార్గుడా!" అని అరిచింది ఓర్నెల్లా. "ఆవిడ అయిదు రోజుల్నుంచి ఏడుస్తుంటే, నేను చెంచాలూ నిద్రా పోగొట్టుకుని చస్తుంటే..."

"జారిన ఉంగరమైతే అప్పుడే ఇచ్చేద్దునమ్మా. విసిరిన ఉంగరం ఎవడికివ్వను?" డెల్మో చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. "కొత్తలో ఒకళ్ళకి పది నిమిషాల్లో తీసిచ్చాను. థాంక్స్ చెప్పి, జేబులో వేసుకుని, చెరో కారెక్కి పోయారు. అకార్డియన్లో పలికే రెండు రేకుల శ్రుతి కలవకపోతే విడివిడిగా ఎంత గీకినా లాభం లేదు. రెంటినీ కలిపి మోగిస్తూ కూర్చోవాలి. నాకు తెలిసిన పని అదొక్కటే."

ఈ పదకొండేళ్ళలో వారం రోజులు పట్టిన ఉంగరాలన్నీ, వాటి తాలూకు జంటలూ ఓర్నెల్లాకి ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఆవిడ కొంగుతో ముక్కు తుడుచుకుందామంటే గౌనుకి కొంగు లేదు. "సరే, రేపు మధ్యాహ్నం తీసిచ్చెయ్" అంది గొంతు గట్టి చేసుకుని. "లేకపోతే ఆవిడ వెళ్ళిపోతుంది."

శనివారం పది గంటలకి వాల్తెర్ బారు దగ్గరికొచ్చి అటూ ఇటూ చూశాడు.

"ఓర్నెల్లా, మా గొడుగు ఇంకో వారం ఉంచు. ఇంకో మాట... డెల్మోతో చెప్పు, ఇవాళే దొరకాలని ఏమీ లేదు. ఆవిడ నాతో మాట్లాడుతోంది."

అయిదు నిమిషాలకి నీవెస్ వచ్చింది. "అక్కకి రావట్లేదని ఫోను చేశానమ్మా. డెల్మో పెద్దాయన, ఆయన్ని తొందరపెట్టకు. మెల్లగా వెతకనీ."

"దానికేముంది వదినా" అంది ఓర్నెల్లా, మొహం కదలకుండా. "మిషను ఇంకా సెట్ కాలేదు కదా."

డెల్మోకే తట్టుకోవడం కష్టమైంది. దొంగ సరుకు మోస్తున్నట్టు గంటకి నలభైసార్లు జేబు తడుముకున్నాడు, రాత్రిళ్ళు లేచి పిన్నీసు చూసుకున్నాడు. మంగళవారం మధ్యాహ్నం మరి ఉండలేక, నడుం లోతులో వాల్తెర్ పక్కన ఉంగరం వదిలేసి, "ఇక్కడోసారి నువ్వు తోడు నాయనా, నాకు నడుం పట్టేసింది" అన్నాడు.

వాల్తెర్ తోడాడు. గరిటెలో మెరిసింది. మొదటి వరస చప్పట్లు కొట్టింది. బ్రాందీ ముసలమ్మ ఏడ్చింది. వాల్తెర్ ఉంగరం పెళ్ళాం వేలికి తొడిగాడు, డెల్మో తాడు చుట్టుకుని, మిషను భుజాన వేసుకుని ఒడ్డుకొచ్చి కాఫీ అడిగాడు. వాళ్ళిద్దరూ మాత్రం రాలేదు. అక్కడే నీళ్ళలో ఎదురెదురుగా నిలబడ్డారు.

పావుగంట గడిచింది. అరగంట గడిచింది. పైన ఎండ మాడ్చేస్తోంది, వాళ్ళు తిన్నది ఆవేళ రొయ్యల వేపుడు.

ఓర్నెల్లా చేతులు నోటికి అడ్డం పెట్టుకుని కేకేసింది: "అన్నయ్యా! దొరికిందిగా, ఇంక బయటికి రండి!"

స్టేషన్ గొంతు నీళ్ళ మీదుగా యాభయ్యో నంబరు బీచి దాకా మోగింది:

"ఉండమ్మా! మాట్లాడుకుంటున్నాం!"