నీలం గింజల సీసా

మొన్న కొత్త కెమెరా పెట్టెలో తేమ పీల్చే నీలం గింజల పొట్లం కనబడగానే చేయి వెనక్కి లాక్కున్నాను.

నా చిన్నప్పుడు నాన్న కిరండూల్ కొండమీద గని ల్యాబ్‌లో పనిచేసేవాడు. అలాంటి గింజలే ఒక సీసాలో తెచ్చి, "ఈ నీలం కోబాల్ట్‌దమ్మా. ఒకప్పుడు జర్మనీ గనుల్లో కొన్ని రాళ్లు కరిగిస్తే విషప్పొగ వచ్చేదట. అది దయ్యం పనేనని ఆ రాళ్లకి ఆ దయ్యం పేరే పెట్టారు. ఇప్పుడు యూరప్ భాషలన్నిట్లోనూ ఆ లోహానికి అదే పేరు" అన్నాడు.

ఒక వాన సాయంత్రం చూస్తే గింజలన్నీ ఎర్రబారి ఉన్నాయి. నాన్న ఇంకా కొండ దిగలేదు. దయ్యం లేచి ఆయన్ని పట్టుకుందని ఏడుస్తూ అమ్మ దగ్గరికి పరిగెత్తాను.

"పిచ్చిదానా! బారిష్‌కి బస్సు ఎక్కడో ఆగుంటుంది" అని అమ్మ నవ్వింది.

నాన్న తడిసిపోయి వచ్చాడు. నా ఏడుపు చూసి గింజల్ని మూకుడులో వేడిచేశాడు. మళ్లీ నీలంగా మారాయి. "తేమ తగిలితే ఎర్రబడతాయి, అంతేనే" అన్నాడు. నేను నమ్మాను.

మరుసటి వారం ఇంకా పెద్ద వాన. బస్సు వేళ దాటిపోయింది. కిటికీ దగ్గర నిలబడ్డ అమ్మ నావైపు తిరగకుండానే అడిగింది.

"ఆ సీసా ఓసారి చూడవే. నీలంగానే ఉందా?"