తాగి ఉన్నా సరే, రండి

మా తోడికోడలిని ఎవరైనా దయగల తల్లి అంటే నాకు నవ్వు ఆగదు. ఆవిడతో ఒకే వంటింట్లో ఇన్నేళ్ళు వేగినదాన్ని, నాకు తెలీదా ఆ దయ సంగతి. కూరలో ఉప్పు తక్కువైతే వీధి చివరి దాకా వినిపిస్తుంది. మా అత్తగారంతటి అత్తగారే ఆవిడ గొంతు లేస్తే టీవీ సౌండ్ తగ్గించుకుని కూర్చుంటారు. అలాంటి మనిషి నర్సు. అదీ తాగుడు మాన్పించే సెంటర్లో. పేషెంట్లు చాటుగా ఆవిడకి కందిరీగ అని పేరు పెట్టుకున్నారు. ఎవరో చెవిన వేస్తే, "మంచిదే, కాస్త భయమన్నా ఉంటుంది" అని తన పని తను చూసుకుంది.

అదే సెంటర్లో వంట నాది. ఆ ఉద్యోగం ఇప్పించింది తనే. ఆ సంగతి నేను మర్చిపోకుండా తనే చూసుకుంటుంది. మెట్ల కింద వంటగది, ఎదురుగా వార్డు, మధ్యలో సన్నటి వసారా. పొయ్యి దగ్గర నిలబడితే సగం మంచాలు కనిపిస్తాయి. కొత్తగా చేరినవాళ్ళకి గ్లాసులో జావ సగానికే పోయాలని నాకు నేర్పింది అక్కే, తోడికోడలిని నేనలాగే పిలుస్తాను. నిండా పోస్తే వణికే చేతుల్లోంచి దుప్పటి మీదికి ఒలుకుతుంది, పక్క మంచంవాడు చూస్తాడు, వీళ్ళకి తల కొట్టేసినట్టవుతుంది. "సగం పోసి రెండుసార్లు ఇవ్వు, నీ కాళ్ళేం అరిగిపోవు" అంది. ఆవిడ జాలి ఎప్పుడూ ఇలాగే, తిట్టుతో కలిపే వస్తుంది.

సెంటర్ మేనేజరు యజమానికి బావమరిది. అలాగని తిని కూర్చునే రకం కాదు, కష్టపడతాడు. కాకపోతే భయస్తుడు. ఒకసారి తాగి వచ్చినవాడెవడో కిటికీ అద్దాలు పగలగొట్టి, అడ్డొచ్చిన ముసలాయన చెయ్యి విరగ్గొట్టాడు. అప్పటినుంచి ఆయన ఒక రూలు పెట్టాడు. తాగి వచ్చినవాళ్ళని చేర్చుకోరు, రెండు రోజులు పూర్తిగా మానేసి రావాలి. గేటుకి బోర్డు కూడా కట్టించాడు. భయపడటం తప్పని నేననను. ఆ భయాన్ని తీసుకెళ్ళి రోగుల నెత్తిన పెట్టడం మాత్రం తప్పే.

"జ్వరం తగ్గాక రమ్మని జ్వరంతో వచ్చినవాడికి చెప్తామా సార్?" అని అక్క మొదటిరోజే అడిగింది.

"జ్వరాన్ని ఎవరూ డబ్బిచ్చి కొనుక్కోరు సిస్టర్" అన్నాడాయన. అని, తన మాటకి తనే నవ్వుకున్నాడు.

డాక్టరు పక్కనే ఉన్నాడు. మంచి డాక్టరే, నోరు లేనివాడు. గోడ వైపు చూస్తూ నిలబడ్డాడు.

అక్క సెలవులో ఉన్న ఒక రోజున ఒక టైలరు వచ్చాడు. మా వీధుల్లో సగం మంది చొక్కాలు ఆయన కుట్టినవే, అందరూ మాస్టారనేవాళ్ళు. పక్కన భార్య. ఆయన అప్పటికే తాగి ఉన్నాడు. కానీ చేరతానని తన నోటితో తనే చెప్పాడు. ఆ మాట అనడానికి ఆ ఇంట్లో ఎన్ని గొడవలు జరిగి ఉంటాయో ఆలోచించండి. కౌంటర్లోవాళ్ళు బోర్డు చూపించారు. ఇద్దరూ వెనక్కి వెళ్ళిపోయారు.

మాస్టారి భార్య వాళ్ళు చెప్పినట్టే చేసింది. ఆయన్ని గదిలో పెట్టి తాళం వేసింది. ఆయన తలుపు బాదాడు, కాళ్ళు పట్టుకుంటానన్నాడు, చచ్చిపోతానన్నాడు. ఆవిడ ఇవతల గడప మీద కూర్చుని ఏడ్చింది కానీ తలుపు తియ్యలేదు. గడువు తీరేసరికి లోపల కేకలు ఆగిపోయాయి. తలుపు తీస్తే ఆయన నేల మీద పడి కొట్టుకుంటున్నాడు.

సెంటర్ గేటు దగ్గర ఆయన్ని బండిలోంచి ముగ్గురు మోసుకుని దింపారు. నోటి వెంట నురగ, బిగుసుకుపోయిన వేళ్ళు. భార్య ఆయన పళ్ళ మధ్య చెంచా పెట్టబోతుంటే అక్క ఆ చెంచా లాగి అవతల పారేసింది. ఆయన్ని పక్కకి ఒత్తిగిలించి, తల కింద తన చెయ్యి పెట్టింది.

అప్పుడు ఆ ఇల్లాలు అన్న మాట నేను చచ్చేదాకా మర్చిపోను. "ఒక్క చుక్క కూడా ముట్టనివ్వలేదు సిస్టర్, ఒట్టు. ఇప్పుడు చేర్చుకుంటారు కదా?"

అక్క ఆవిడని ఒక్క మాట అనలేదు. "చేర్చుకున్నాం తల్లీ, నువ్వు కూర్చో" అంది. ఆ గొంతు నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు.

డాక్టరు పరిగెత్తుకొచ్చాడు. ఫిట్స్ ఆగడానికి ఒక ఇంజెక్షను, గ్లూకోజు ఎక్కించే ముందు విటమిన్ ఇంజెక్షను, మంచం అంచులకి దిళ్ళు. అంతా అయ్యాక అక్క మేనేజరు గదికి వెళ్ళింది. తలుపు వెయ్యలేదు, కాబట్టి అందరం విన్నాం.

"ఆవిడ మీ బోర్డులో ఉన్నట్టే చేసింది సార్. ఏళ్ళ తరబడి రోజూ తాగిన ఒంటికి ఒక్కసారిగా ఆపేస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఆపాల్సిందే. కానీ ఇక్కడ, మంచం మీద, మందులిస్తూ, పక్కన మనుషులుండి ఆపాలి. మనం చెయ్యాల్సిన పని ఇంట్లో ఆడవాళ్ళ చేత తాళం వేసి చేయిస్తున్నాం."

"ఇంకోసారి అద్దాలు పగిలితే మీరు కడతారా?" అన్నాడు మేనేజరు.

"అద్దాలు మళ్ళీ దొరుకుతాయి" అంది అక్క.

ఆ తర్వాత కొన్ని రోజులు మాస్టారికి ఒంటి మీద తెలివి లేదు. మంచం మీద పడుకునే దుప్పటి అంచు మడిచి, దారం లేకుండానే కుట్టేవాడు. కాళ్ళు మిషను తొక్కుతూనే ఉండేవి. "చొక్కాలివ్వాలి, తెల్లారితే వస్తారు, సూది ఏదీ" అని లేచిపోబోయేవాడు. అక్క భుజం మీద చెయ్యి వేసి, "ఇది ఆసుపత్రి మాస్టారూ. మిషను ఇంటి దగ్గర భద్రంగా ఉంది" అని చెప్పేది. కాసేపటికి ఆయన మళ్ళీ సూది అడిగేవాడు. ఆవిడ మళ్ళీ అదే మాట, అదే గొంతుతో. నాకు ఒళ్ళు మండింది. ఇంట్లో మూత వెయ్యడం ఒకసారి మర్చిపోతే నా ఏడు తరాలనీ తిట్టే మనిషికి ఇంత ఓపిక ఎక్కడిది, ఉన్నది మాకు కొంచెం మిగల్చొచ్చు కదా అనిపించింది.

ఆయన కోలుకున్నాడు. ఇంటికెళ్ళే రోజు భార్య ఆయన చేత అందరి ముందూ ఒట్టు వేయించబోయింది. అక్క అడ్డుపడింది.

"ఒట్లు వద్దమ్మా. మాస్టారూ, మందులు వేసుకోండి, చెప్పిన రోజుకి వచ్చి కనిపించండి. ఒకవేళ మళ్ళీ తాగారనుకోండి, సిగ్గుపడి దాక్కోవద్దు, ఇంట్లో మీ అంతట మీరు ఆపేయొద్దు. తాగి ఉన్నా సరే, రండి."

"అదేం మాట సిస్టర్, శుభమా అని ఇంటికెళ్తుంటే" అని ఆవిడ నొచ్చుకుంది.

మేనేజరు నొచ్చుకోవడంతో ఆగలేదు. పేషెంట్లకి తాగమని చెప్పి పంపిస్తోందన్నాడు. తాగినవాడిని ఈసారి ఎవరైనా లోపలికి తెస్తే, తెచ్చినవాళ్ళకి అదే ఆఖరు రోజన్నాడు. అక్క ఆ మధ్యాహ్నమే ఇంటికెళ్తున్న ఇంకొకాయనకి, మేనేజరు వింటుండగా, అదే మాట చెప్పింది.

ఇంట్లో బావగారు తల పట్టుకున్నారు. "ఊళ్ళో తాగుబోతులందరికీ నువ్వే దిక్కా?"

"అందరికీ కాదు. గేటు దాకా వచ్చినవాళ్ళకి."

"పోనీలే అక్కా, మనకెందుకు, పెద్దవాళ్ళతో పెట్టుకోవడం" అన్నాను నేను. నా ఉద్యోగం కూడా పోతుందని నా బాధ. ఆవిడ నాతో మాట్లాడటం మానేసింది. నా కూరలో ఉప్పు ఎక్కువైనా నోరెత్తకుండా తిని లేచిపోయింది. తిడితేనే నయమనిపించింది.

కొన్ని నెలలు గడిచాయి. ఒక ఉదయం పొయ్యి మీద జావ కలుపుతుంటే గేటు పట్టుకుని ఎవరో నిలబడినట్టనిపించింది. మాస్టారు. ఒక్కడే వచ్చాడు. చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకున్నాడు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి, తూలుతున్నాడు. వాసన నా పొయ్యి దాకా వచ్చింది.

అక్క వార్డులోంచి చూసింది. చేతిలో ట్రే పక్కన పెట్టి వెళ్ళింది.

"సిగ్గేసింది సిస్టర్" అన్నాడాయన. "దారిలో వెనక్కి పోదామనుకున్నా. పోతే మళ్ళీ ఆ మందు కొట్టుకే పోతాను."

"ఇటు రండి" అని ఆయన చెయ్యి తన భుజం మీద వేసుకుంది.

మేనేజరు వసారాలో అడ్డం నిలబడ్డాడు. "చూశారా సిస్టర్ మీ వైద్యం? మళ్ళీ మొదటికే వచ్చాడు."

"పోయినసారి ఈయన్ని ముగ్గురు మోసుకొచ్చారు సార్" అంది అక్క. "ఇవాళ తన కాళ్ళ మీద తను నడిచి వచ్చాడు. మొదటికి ఎలా వచ్చినట్టు?"

ఆయనకి ఇంకా కోపం వచ్చింది. "ఆ రోజే చెప్పాను. ఇంకొక్క అడుగు లోపలికి తెచ్చారంటే మీకిదే ఆఖరు రోజు."

"సరే సార్. ఆఖరు రోజైనా నా డ్యూటీ సాయంత్రం దాకా ఉంది. తప్పుకోండి."

మాస్టారి మోకాళ్ళు వంగిపోతున్నాయి. అక్క ఒక్కతే ఆ బరువు మొయ్యలేకపోతోంది. నేను ధైర్యవంతురాలిని కాను, ఆ మాట మా ఇంట్లో ఎవర్నడిగినా చెప్తారు. కానీ ఆ క్షణాన నాకు మేనేజరు మీద వచ్చినంత కోపం జన్మలో ఎవరి మీదా రాలేదు. పొయ్యి ఆర్పేసి వెళ్ళి రెండో భుజం పట్టుకున్నాను.

"నువ్వు కూడానా?" అన్నాడాయన. "అయితే ఇద్దరూ కలిసి వెళ్ళండి."

"వెళ్తాం సార్. ముందు ఈయన్ని పడుకోబెట్టనివ్వండి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

డాక్టరు తన గది గుమ్మంలోకి వచ్చాడు. ఈసారి గోడ వైపు చూడలేదు. "మాస్టారూ, ఆఖరుసారి ఎప్పుడు తాగారు?" అని అడిగి, మాతోపాటే వార్డులోకి నడిచాడు. మేనేజరు పక్కకి తప్పుకోక తప్పలేదు.

మాస్టారిని పడుకోబెట్టాం. బీపీ చూస్తూ అక్క, "జావ మాడబెట్టి వచ్చావా, పొయ్యి ఆర్పి వచ్చావా?" అని నన్ను కసిరింది. ఇన్నాళ్ళకి తిట్టింది కదా అని ప్రాణం లేచొచ్చింది. ఆ వారమే తాగి ఇంకొకాయన వచ్చాడు, ఆయన్నీ పడుకోబెట్టాం. తర్వాత ఒకావిడ వచ్చింది, మొహానికి కొంగు కప్పుకుని. పడుకోబెట్టాల్సినవాళ్ళు వస్తూనే ఉన్నారు. వెళ్ళిపోవడానికి మా ఇద్దరికీ ఇప్పటిదాకా తీరిక దొరకలేదు.