రాజాం మీటింగు, ఆవకాయలో ఉప్పు

ఆమదాలవలస స్టేషన్ బయట టీ పది రూపాయలు. కప్పేమో పిల్లల బొమ్మసామానులోది. ఒక్క గుక్కకే అడుగు కనిపించింది. "ఏటిది, టీయా, సుక్కల మందా?" అన్నాను. "రెండోది కొంటావనే సిన్నది పెట్టాను తాతా" అన్నాడు కొట్టువాడు. కొన్నాను కూడా.

మా ప్రయాణం రాజాంకి. ఆత్మహత్యలు ఆపడానికి ఊళ్లలో తిరిగే వాలంటీర్లకి అక్కడ శిక్షణ. ఆ బాధ పడి బయటికొచ్చినవాళ్లు కూడా సలహా చెప్పాలని మా చెల్లెలు రవణమ్మని పిలిచారు. ఒకప్పుడు తను చనిపోవాలనుకుంది, ఆసుపత్రిలో ఉండి కోలుకుంది. మా పక్కూరి కుర్రాడొకడు మొన్ననే అలాగే ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాడు. మర్నాడు ఈ వాలంటీర్లు వెళ్లేది వాళ్లింటికే.

తొమ్మిదింటికి బస్సెక్కితే పొందూరు మీదుగా గంటన్నర. ఆడవాళ్లకి టికెట్ లేదు, నాకుంది.

"ఒసే, నీ కొంగు నా నెత్తిన కప్పు, నాకూ ఫ్రీ అవుద్ది."

"మీసం ఎక్కడ దాస్తావు? అన్నియ్యా, నాను మైకు ముట్టను. ముందే సెప్తన్నాను."

"మరెందుకొస్తన్నావే?"

"ఆ పిల్లోడి కాడికెళ్లి ఈళ్లేటి సేస్తారో సూడాల."

హాల్లో సార్ ఒకాయన చాలాసేపు మాట్లాడాడు. కరపత్రం ఇవ్వాలట, ధైర్యం చెప్పాలట. రవణమ్మని వేదిక ఎక్కమంటే తల అడ్డంగా ఊపింది. టీ తాగొచ్చాక మైకు పలకలేదు. సార్ తట్టి చూశాడు, ఊది చూశాడు. ఇక అందరూ కుర్చీలు దగ్గరికి లాక్కుని గుండ్రంగా కూర్చున్నారు. రవణమ్మ పక్కన చేరిన వాలంటీరు అమ్మాయి మెల్లగా అడిగింది: "పిన్నీ, రేపు మేమేటి సెయ్యాలి?"

"నాకు ధైర్యం సెప్పనోళ్లు లేరమ్మా. పళ్లు తెచ్చీవోరు, బుద్ధులు సెప్పీవోరు. ఒక్కరూ నన్ను ఏదీ అడగనేదు. ఇంక నాను పనికిరాననుకున్నాను. పక్కింటి సిన్నమ్మడు ఆవకాయ గిన్నె అట్టుకొచ్చి, 'వదినా, ఉప్పు సాలిందా సూడు' అన్నాది. నా నాలికతో ఇంకా పనున్నాదనుకున్నాను. ఆ పూటే దాని కాడ ఏడిసేను. అది బుద్ధులు సెప్పనేదు, ఇన్నాది. తర్వాత డాక్టరు కాడికి నాతో అదే వచ్చీది."

సార్ కరపత్రాలు పక్కన పెట్టి, "రేపు మీరూ వస్తారా అమ్మా?" అన్నాడు.

"వస్తాను. ఆ పిల్లోడు మోటార్లు బాగుసేస్తాడు. మా మోటారు గుర్రుమంటన్నాది, ఏటయ్యిందో సూడమంటాను."

రవణమ్మ మాట్లాడింది కాసేపే. మర్నాడు ఏం చెయ్యాలో ఆ కాసేపట్లోనే తేలింది. వేదిక ఎక్కించి మాట్లాడించడం ఒకటి, పక్కన కూర్చుని అడగడం ఇంకొకటి. మీరూ అలాంటి ఇంటికి వెళ్తే ఏదైనా అడగడానికి వెళ్లండి. తిరుగు బస్సు టైము చూసుకుంటూ మాత్రం కూర్చోకండి.

ఇంకో సంగతి. టీ టైములో మైకులోంచి సెల్లులు తీసింది నేనే. ఇప్పుడవి మా టీవీ రిమోట్‌లో ఉన్నాయి.