చేదు చూసే వదిన

ఆ మందుమొక్కల తోటలో నేలవేము మడులు మూడున్నాయి. ఒకదానికి యూరియా వేస్తారు, ఒకదానికి పశువుల ఎరువు, మూడోదానికి ఉత్త నీళ్లే. ఏ మడి ఆకులో మందు గుణం ఎక్కువో తేల్చాలని పంతం పట్టినావిడను మరిదితో పాటు పనివాళ్లూ వదిన అనే పిలుస్తారు. నేలవేముకు చేదే మందు. అందుకే ఆవిడ పొద్దున్నే, టీ అయినా ముట్టకుండా, మడికో ఆకు తెంపి నములుతుంది. చేదు తలకెక్కితే ఎడమ కన్ను దానంతటదే మూతపడుతుంది గానీ ఉమ్మడం మాత్రం ఉండదు. గోళ్ల సందుల్లోని పసరు ఏ సబ్బుకూ లొంగదు. ఆ రోజు మూడో మడి ఆకు నమిలినా కన్ను మూతపడలేదు.

"దీనికి యూరియా ఎవరేశారు?"

"నేనే వదినా," అని నసిగాడు మరిది. "రెండు వారాలుగా కాస్త కాస్త చల్లుతున్నా. ఇవాళ ఆకు కొనేవాళ్లొస్తారు కదా, ఆ బక్కమొక్కల్ని చూస్తే మన పరువేం కాను?"

ఆవిడ వంగి, ఆ మడిలో ఏపుగా ఎదిగిన మొక్కల్ని వేళ్లతో సహా పీకి కుప్ప పోసింది. షెడ్డు పక్కన ఎరువు తగలని నేల తవ్వి, మోకాళ్ల మీద కూర్చుని మళ్లీ విత్తనాలు చల్లసాగింది. ఇంతలో గేటు దగ్గర కారు ఆగింది.

"వదినా, నీకు దణ్ణం పెడతా, లే! కళకళలాడే మడిని పీకేశావేంటని అడిగితే ఏం చెప్పను?"

ఆవిడ లేవలేదు. కుప్పలోంచి నవనవలాడే ఆకొకటి తుంచి అతని నోట్లో పెట్టింది. భయంభయంగా నమిలిన మరిది ముఖం విప్పారింది.

"అంత చేదేం లేదే!"

"అదే చెప్పు."