ఎక్స్-రేలో లేని పగులు

డాక్టరు వస్తోందంటే మా దీవుల్లో పశువుకు ముందు స్నానం చేయిస్తారు. ఆవైనా మేకైనా తళతళలాడుతూ ఎదురొస్తుంది. మర్యాదే, కాదనను. కానీ ఆ మర్యాదతో నాకు ఎన్నిసార్లు ఒళ్లు మండిందో చెప్పలేను.

తుష్నాబాద్‌లో ఒక పెద్దాయనకు తెల్లటి ఆడగుర్రం ఉంది. మెయిన్‌లాండ్ నుంచి ఓడలో తెప్పించుకున్నాడు. పెళ్లి ఊరేగింపుల్లో పెళ్లికొడుకుని ఎక్కించుకుని, బ్యాండు మోగితే సిమెంటు రోడ్డు మీదే ముందుకాళ్లు ఎత్తి కొడుతూ ఆడుతుంది. ఆయన బతుకుతెరువూ, ఇంట్లో తోడూ అదొక్కటే. ఎడమ ముందుకాలు కుంటుతోందని కబురు పెడితే ఎక్స్-రే మిషను జీపులో వేసుకుని వెళ్లాను.

నేను దిగేసరికి గుర్రం కాళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి.

"డాక్టరమ్మగారొస్తన్నారని పొద్దుట్నుంచీ వాగులోనే నిలబెట్టానమ్మా. ఏకదమ్ సాఫ్ సేసీసాను" అన్నాడు సంబరంగా.

నేను వెతికేదేమో వేడి. ఎముకలో వెంట్రుకంత పగులు పడితే ఆ చోట చర్మం పక్క కాలికంటే వెచ్చగా ఉంటుంది. మోకాలి కింద పొడవాటి ఎముక మీద చెయ్యి వేశాను. రెండు కాళ్లూ కుండలో నీళ్లంత చల్లగా ఉన్నాయి. వేలితో నొక్కితే కొంచెం కదిలింది, అంతే. చలికి మొద్దుబారిందో, నిజంగానే నొప్పి లేదో తెలియలేదు. ఎక్స్-రే తీశాను. ఎముక ఎక్కడా చెదరకుండా నిండుగా కనిపించింది.

"ఫొటో బాగుంది కదమ్మా. ఆదివారం డిగ్నాబాద్‌లో పెళ్లి బరాత్ ఉంది. తీసుకెళ్లొచ్చా?"

ఇలాంటి పగులు మొదటి రోజుల్లో ఫొటోలో పడకపోవచ్చు. ఎముక మానడం మొదలెట్టాకే గీత తేలుతుంది. కానీ చేతికి వేడి తగలనప్పుడు ఏ ధైర్యంతో వద్దనాలి? "రేపు చెప్తాను బాబాయ్" అని వచ్చేశాను.

ఇంట్లో అన్నం ముందు కూర్చున్నాను, లేచాను. మళ్లీ కూర్చున్నాను. "కాలుగాలిన పిల్లిలాగ ఏటే ఆ తిరుగుడు?" అని అమ్మ విసుక్కుంది. ఏం చెప్పను? పెళ్లికొడుకు బరువుతో గెంతుతుండగా ఆ ఎముక రెండు ముక్కలైతే అతికించే దారి ఈ దీవుల్లో లేదు. చివరి ఇంజెక్షను ఇవ్వాల్సింది నేనే. తలుచుకుంటే భయమేసింది. ఆయన మీద కోపం వచ్చింది. ఆ వాగు మీద కూడా వచ్చింది.

మర్నాడు తెల్లారగానే చెప్పాపెట్టకుండా వెళ్లాను. గుర్రానికి ఇంకా స్నానం కాలేదు. ఎడమ కాలి మీద చెయ్యి వేయగానే ఎముక ముందువైపు వెచ్చగా తగిలింది. కుడికాలు చూశాను, చల్లగా ఉంది. నమ్మకం కుదరక మళ్లీ ఎడమది చూశాను. బొటనవేలితో నొక్కాను. గుర్రం విసురుగా కాలు లాక్కుని నన్ను గోడకు నెట్టేసింది. మోచెయ్యి దోక్కుపోయింది. సిగ్గులేకుండా చెబుతున్నాను, నాకు ప్రాణం లేచొచ్చింది.

"పగులుంది బాబాయ్. ఆడితే కాలు విరుగుతుంది, తర్వాత నేను బతికించలేను. నెలల తరబడి కొట్టంలోనే ఉంచాలి. ఫొటోలో చూపించమంటే మాత్రం చూపించలేను" అన్నాను.

వాదిస్తాడని దారంతా జవాబులు సిద్ధం చేసుకునే వచ్చాను. ఆయన వంగి, నేను చెయ్యి పెట్టిన చోటే తన చెయ్యి పెట్టి చూశాడు. తర్వాత ఫోను తీసి, పెళ్లివారికి గుర్రం రాదని హిందీలో చెప్పేశాడు. "నహీ భయ్యా, ఫైనల్" అని పెట్టేశాడు.

ఆ తర్వాతి రోజులు నాకు నిలకడ లేదు. పగులు లేదని తేలితే ఆయన నోటి దగ్గర కూడు నేనే తీసినట్టు. రెండు వారాలయ్యాక మళ్లీ ఫొటో తీశాం. ఎముక ముందువైపు సన్నటి గీత, దాని మీద అతుక్కోవడానికి కొత్త ఎముక పోసుకుంటోంది. కాలు దక్కింది. ఆయన గుర్రం మెడ మీద మొహం ఆనించుకున్నాడు.

నేనుండబట్టలేక అడిగాను. "ఫొటో బాగుందన్నారు కదా బాబాయ్, ఆరోజు నా మాట ఎలా నమ్మారు?"

"ఫొటో బాగానే ఉందమ్మా. మీ మొగమే బాగోనేదు" అన్నాడు. "పిలవకుండా తెల్లారీసరికి పరిగెట్టుకొచ్చీసినారు. బాగున్న కాలు కోసం ఎవలైనా అలగొస్తారా?"